ఈస్టర్‌కి పిల్లలతో గుడ్లకు రంగులు వేయించడం ఎలా?

ఈస్టర్ గుడ్లకు రంగులేయడానికి పెయింట్లు కొనక్కర్లేదు. ఉల్లిపొట్టు, పసుపు, ఎర్ర క్యాబేజీ చాలు. చిన్నపిల్లల చేతికి బ్రష్షు ఇవ్వడం కన్నా గుడ్డును రంగునీళ్లలో ముంచమనడమే నయం. గోడలు బతికిపోతాయి.

ముందు గుడ్లు ఉడకబెట్టండి. తెల్ల పెంకువైతే రంగు బాగా తేలుతుంది. చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి, మరగడం మొదలయ్యాక 10-12 నిమిషాలు ఉంచాలి. చల్లారాక తడి లేకుండా తుడవండి.

ఇక రంగులు. మూడు కప్పుల నీళ్లలో రెండు గుప్పిళ్ల ఉల్లిపొట్టు వేసి అరగంట మరిగించి వడకట్టితే ఇటుక రంగు. అన్నే నీళ్లలో రెండు పెద్ద చెంచాల పసుపు వేసి మరిగిస్తే పసుపుపచ్చ. తరిగిన ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లు ఊదాగా కనిపిస్తాయి కానీ తెల్ల గుడ్డుకు పట్టేది నీలం. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పేయకండి! నీళ్లు పూర్తిగా చల్లారాక కప్పుకు ఒక చెంచా వెనిగర్ కలపండి. అందులోని ఆమ్లం పెంకు పైపొరను కొద్దిగా కరిగించి రంగు అంటుకునేలా చేస్తుంది. పొయ్యి దగ్గర పనంతా పెద్దవాళ్లదే.

ఇప్పుడు గుడ్లు పిల్లలకు ఇచ్చేయండి. తెల్ల క్రేయాన్‌తోనో కొవ్వొత్తి ముక్కతోనో గీతలు, చుక్కలు, పేరు, ఏదైనా గీయనివ్వండి. మైనం ఉన్నచోట రంగు పట్టదు కాబట్టి బొమ్మ తెల్లగా మిగులుతుంది. రంగునీళ్లు వేడిగా ఉంటే మాత్రం మైనం కరిగి గీసిందంతా పోతుంది.

ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. కొత్తిమీర ఆకును తడిపి గుడ్డుకు అతికించి, పాత స్టాకింగ్ (పలచటి పొడవు మేజోడు) ముక్కలో బిగించి ముడేసి ముంచాలి. ఆకు అచ్చు అలాగే పడుతుంది.

అరగంటకు లేత రంగు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ముదురు రంగు వస్తాయి. బయటికి తీశాక ఆరేదాకా రుద్దకూడదు. పసుపు మరక వదలదు, అందుకని పిల్లలకు పాత చొక్కాలే వేయండి. ఈ గుడ్లు తినాలనుకుంటే బయట రెండు గంటలకు మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు తినేయాలి.

గుడ్లు నానేలోగా, ఈస్టర్ కథలో యేసు తిరిగి లేచాక ఖాళీగా కనిపించిన సమాధి బొమ్మ చేయించవచ్చు. అట్టపెట్టె నుంచి ప్లేటంత అర్ధవృత్తం కత్తిరించి, కింద చిన్న గుమ్మం కోయండి. నలిపిన కాగితం ముక్కలు పిల్లలు జిగురుతో అతికిస్తే బండరాయిలా కనిపిస్తుంది. గుమ్మం వెనక కాస్త తెల్లబట్ట. గుమ్మానికి మూతరాయిగా దానికన్నా పెద్ద గుండ్రటి అట్ట కోసి, దాని పై అంచునా గుమ్మం పైనా చిల్లు పెట్టి, రెంటిలోంచి దారం దూర్చి రెండు వైపులా ముడేయండి. ముడి మరీ బిగిస్తే రాయి పక్కకు జరగదు, కాస్త వదులుగానే ఉంచండి.