కూలర్ బయటికి తీశారా? గడ్డి కంటే ముందు ఎర్త్ చూడండి

శివరాత్రి దాటగానే కూలర్లు మూలల్లోంచి బయటికొస్తాయి. కొత్త గడ్డి కొంటాం, ట్యాంకు కడుగుతాం. వైరు సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. కిందటేడు మా ఇంట్లోనూ అంతే. నీళ్లు ఎంతున్నాయో చూద్దామని చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమంది. ప్లగ్గు విప్పి చూశాను కదా, ఆకుపచ్చ ఎర్త్ వైరును ఎవరో కత్తిరించి, టేపు చుట్టి వదిలేశారు.

అందుకే మొదటి పని ప్లగ్గు విప్పి చూడటం. ఇనుప బాడీ కూలర్‌కి త్రీ పిన్ ప్లగ్గే ఉండాలి. మూడింట్లో లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్ పిన్ను. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి. ఆ పొడుగు అందుకే. పచ్చ వైరు దాని స్క్రూకి గట్టిగా బిగించి ఉందా? రెండో చివర బాడీకి తగిలించి ఉందా? లోపల కరెంటు బాడీకి తగిలితే, మన ఒంట్లోంచి కాకుండా ఆ వైరులోంచి పోవాలి.

కళ్లతో చూసి సరిపెట్టుకోకండి. ప్లగ్గు బోర్డులోంచి పూర్తిగా తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ వచ్చే చోట పెట్టండి. ఒక కొన ఎర్త్ పిన్నుకి, రెండోది బాడీ మీద పెయింట్ గీకిన చోట ఆనించండి. బీప్‌మంటే కూలర్ వైపు బాగున్నట్టే.

గోడ వైపు సంగతి ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడు కన్నాలుంటాయి గానీ కొన్నిచోట్ల మూడోదాని వెనక వైరే ఉండదు! ఇంటి ఎర్త్ వైరు భూమిలోకి దిగేచోట ఉప్పు, బొగ్గు వేసిన గుంత అయితే ఎండలకి ఎండిపోతుంది. అప్పుడప్పుడూ ఓ బకెట్ నీళ్లు పోస్తుండండి.

"ఎంసీబీ ఉందిగా" అని ధీమా పడేవాళ్లు చాలామంది. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్. 16 ఆంపియర్లది వైర్లు కాలిపోకుండా చూస్తుంది, మనిషికి షాక్ కొట్టినా కదలదు. ప్రాణం పోవడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ పెట్టించుకుంటే, కరెంటు పక్కదారి పట్టగానే రెప్పపాటులో ట్రిప్ అయి సరఫరా ఆపేస్తుంది. నా మాట వింటే కొత్త గడ్డి కంటే ముందు దీనికి ఖర్చు పెట్టండి.

ఇక పంపు. నీళ్లలో మునిగి ఉండే ఈ చిన్న మోటారును చల్లబరిచేది కూడా ఆ నీళ్లే. ట్యాంకు ఖాళీ అయ్యాక తిరుగుతూ ఉంటే వేడెక్కి లోపలి ఇన్సులేషన్ పాడవుతుంది. మళ్లీ నీళ్లు పోశాక కరెంటు ఆ నీళ్లలోకే రావచ్చు. పంపు వైరుకి నీళ్లు తగిలే చోట అతుకు ఉండకూడదు. టేపు ఎంత చుట్టినా లాభం లేదు, వైరు మార్చాల్సిందే.

కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ కాస్త తెరవండి. తలుపులన్నీ మూస్తే గంటలో గది జిడ్డుగా తయారవుతుంది. కర్నూలు, రామగుండం లాంటి పొడి ఎండల్లో కూలర్ బాగా పనిచేస్తుంది. కాకినాడలోలా గాలి ఉక్కగా ఉంటే పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పుకోవడం మేలు. ఎక్స్‌టెన్షన్ బాక్సును కూలర్ కింద నేల మీద మాత్రం పెట్టకండి. కారిన నీళ్లు నేరుగా అందులోకే పోతాయి.

నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు. బోర్డు వైరింగ్ తారుమారైతే స్విచ్ ఆపినా కూలర్ లోపలి దాకా కరెంటు అలాగే ఉంటుంది. ప్లగ్గు తీశాకే బకెట్ ఎత్తండి. తడి కాళ్లతో, చెప్పుల్లేకుండా, "ఒక్క నిమిషమేగా" అనుకుంటూ పోసేటప్పుడే షాక్ కొట్టేది.

ఒకవేళ ఎవరికైనా కొడితే మనిషిని పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే ఎండిన కర్రతో విడదీసి 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే సీపీఆర్, అంటే ఛాతీ మీద నొక్కుతూ గుండెను ఆడించడం, తెలిసినవాళ్లు వెంటనే మొదలుపెట్టాలి.