సైనికుడి హెల్మెట్ నకలు: ముందు సంవత్సరం, తరవాత తల, ఆ పైన రంగు

మా నాన్న తెనాలి వైపు నుంచి మద్రాసు వచ్చి, కోడంబాక్కంలో పౌరాణిక సినిమాలకు అట్ట కిరీటాలు చేసేవారు. వడపళనిలో ఆయన పనిచేసిన గదిలోనే, ఆయన బల్ల మీదే నేనిప్పుడు పాత యుద్ధాల హెల్మెట్లు సరిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది కుర్రాళ్ళు. ఫలానా సంవత్సరంలో, ఫలానా దళంలో మన సిపాయి ఎలా ఉన్నాడో అచ్చం అలాగే తయారై నిలబడి, చూసేవాళ్ళకి ఆ కథ చెప్పాలని వాళ్ళ తాపత్రయం. ఉత్తరాది నుంచి నకలు హెల్మెట్ తెప్పించుకుని పెట్టెతో సహా తెచ్చి నా ముందు పెడతారు. వాళ్ళకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది సంవత్సరం. ఒకసారి ఒక కాలేజీ కుర్రాడు వచ్చి, "అన్నా, ఎమ్డెన్ మీద ప్రదర్శన చేస్తున్నాం, పన్నెండు ఉక్కు హెల్మెట్లు కావాలి" అన్నాడు. నేను ఇవ్వనన్నాను. ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మన రేవు మీద గుళ్ళు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది 1914 సెప్టెంబర్ 22 రాత్రి. హైకోర్టు గోడ దగ్గర దానికి గుర్తుగా ఫలకం కూడా ఉంది. ఆ రాత్రికి ప్రపంచంలో ఏ సైన్యమూ మామూలు సిపాయికి ఉక్కు హెల్మెట్ ఇవ్వడం మొదలుపెట్టలేదు. ఫ్రెంచివాళ్ళ ఏడ్రియన్ హెల్మెట్ వచ్చింది 1915లో. లండన్‌లో జాన్ బ్రాడీ తన పళ్ళెం ఆకారపు హెల్మెట్‌కు పేటెంట్ తీసుకున్నదీ ఆ ఏడాదే. జర్మన్ల ఉక్కు హెల్మెట్ 1916 నాటిది. కాబట్టి ఆ రాత్రి మద్రాసులో ఉన్న తెల్ల సిపాయికి జీలుగు బెండుతో చేసి గుడ్డ తొడిగిన టోపీ, మన సిపాయికి తలపాగా ఉండాలి. ఆ కుర్రాడు ముందు మొహం చిన్నబుచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి తలపాగాలు చుట్టడం నేర్చుకుని వచ్చాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడిన మన సిపాయి విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. మనవాళ్ళు మార్సెయ్ రేవులో దిగింది 1914 సెప్టెంబర్ చివర. న్యూవ్ షపెల్ పోరు 1915 మార్చిలో జరిగింది. అక్కడ మన జవాన్ల తలల మీద ఎక్కువగా ఉన్నది తలపాగా. 1915 చివరికల్లా మన కాల్బలం డివిజన్లను మెసపొటేమియాకి పంపించేశారు. బ్రాడీ హెల్మెట్లు బ్రిటిష్ సేనలో అందరికీ అందింది 1916లో. అయితే మన అశ్వదళం 1918 దాకా ఫ్రాన్స్‌లోనే ఉంది. ఫ్రాన్స్‌లో బ్రాడీ హెల్మెట్ పెట్టుకున్న భారతీయుడే కావాలనుకుంటే 1916 తరవాతి అశ్వదళం జవానుగా తయారవ్వండి. సిక్కు సిపాయి వేషమైతే హెల్మెట్ ఆలోచనే వద్దు. వాళ్ళు తలపాగాతోనే యుద్ధం చేశారు, తలపాగాతోనే ప్రాణాలిచ్చారు.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధం. బ్రాడీ హెల్మెట్‌కు కొత్త రూపంగా 1938లో వచ్చిన మార్క్ టూ హెల్మెట్‌ను మన సైనికులు ఉత్తర ఆఫ్రికాలోనూ ఇటలీలోనూ బాగా వాడారు. నకళ్ళు సులువుగా దొరుకుతాయి. బర్మా అడవుల సిపాయి కావాలంటే మాత్రం ఫొటోలు చూసుకోండి. అక్కడ చాలామంది తలల మీద గుడ్డ టోపీలు, లేదంటే ఒకవైపు అంచు మడిచిన స్లౌచ్ హ్యాట్లు కనిపిస్తాయి.

మొదటి యుద్ధం నాటి బ్రాడీ హెల్మెట్ మార్క్ వన్, ఈ మార్క్ టూ బయటికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. తేడా లోపల ఉంది. మార్క్ వన్‌కు గడ్డం పట్టీ తోలుది. మార్క్ టూకి సాగే నాడా పట్టీ ఉంటుంది, లోపలి మెత్త మొత్తం నడినెత్తిన ఒకే ఒక్క స్క్రూతో బిగుస్తుంది. పెట్టె విప్పగానే ఆ స్క్రూ చూడండి. గీత స్క్రూ ఉండాలి. చౌక నకళ్ళలో స్టార్ స్క్రూ బిగిస్తారు. పది అడుగుల దూరం నుంచి ఎవరూ గుర్తుపట్టరు కానీ, ఒక పెద్దాయన దగ్గరికొచ్చి మీ హెల్మెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట చూసేది దాన్నే. పది రూపాయల స్క్రూతో పోయేదానికి నిర్లక్ష్యం ఎందుకు?

ఇక రేకు. అసలు బ్రాడీ హెల్మెట్‌ను మాంగనీస్ కలిపిన హాడ్‌ఫీల్డ్ ఉక్కుతో చేశారు. అందులో మాంగనీస్ నూటికి పన్నెండు పాళ్ళ దాకా ఉంటుంది, మందం మిల్లీమీటరుకు కాస్త తక్కువ. ఆ ఉక్కు దెబ్బ తగిలినకొద్దీ గట్టిపడుతుంది. దానికి అయస్కాంతం అంటుకోదు. నకలు మామూలు మైల్డ్ స్టీల్, అయస్కాంతం టక్కున పట్టేస్తుంది. ఎవరైనా "ఇది అసలుదే సార్, తాతగారిది" అని వేలల్లో ధర చెబితే జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకు వెళ్ళండి. అంచు పట్టీ మీద కాదు, డొప్ప మీద పెట్టి చూడండి. అంచు పట్టీ వేరే ఉక్కుది కావచ్చు.

నకలుకి 1.2 మిల్లీమీటర్ల రేకు అయితే చేతికి గట్టిగా తెలుస్తుంది. అంతకంటే పలచనైతే వేలితో కొట్టినప్పుడు డబ్బా మోత మోగుతుంది, రెండు ప్రదర్శనలకే సొట్టలు పడతాయి. ఎంత మందమున్నా నకలు హెల్మెట్ తలను కాపాడే వస్తువు కాదు. దాన్ని పెట్టుకుని బైకు ఎక్కకండి. దానికి ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ వేరే ఉంది.

అంచు దగ్గర మాత్రం తొందరపడొద్దు. కొత్త నకళ్ళలో అంచు పట్టీ అతుకు దగ్గర సన్నటి ముల్లులాంటిది నిలబడి ఉంటుంది, కంటికి ఆనదు. ఇంత దూది తీసుకుని అంచు చుట్టూ, లోపలా బయటా, మెల్లగా తిప్పండి. దూదిపోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. సన్నపళ్ళ ఆకురాయితో ఒకే దిక్కున, లోపలి నుంచి బయటికి, నాలుగైదు సార్లు రాయండి. ముందుకీ వెనక్కీ రాస్తే కొత్త ముల్లు లేస్తుంది. తరవాత 220 నంబరు ఎమెరీ పేపర్, మళ్ళీ దూది. దూది నీళ్ళ మీద జారినట్టు జారేదాకా ఆపకండి. పక్కవాడితో కలిసి నేల మీద పడుకునే సన్నివేశంలో మీ హెల్మెట్ అంచు అతని చెంపకే తగులుతుంది.

ఇప్పుడు లోపలి మెత్త. నేను ఎక్కువ రోజులు పట్టించుకునేది దీన్నే. మా నాన్న కిరీటం చేయడానికి ముందు నటుణ్ణి కూర్చోబెట్టి నూలుదారంతో తల కొలిచేవారు. రాళ్ళు, పూసలు అన్నీ ఆ తరవాతే. హెల్మెట్ కూడా అంతే. కనుబొమలకు ఒక వేలు పైన, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో రాసుకోండి. పాత బ్రిటిష్ కొలతలో 7 అంటే మనకి 57 సెంటీమీటర్లు. జుట్టు కత్తిరించుకున్నాక కొలవండి. వేషం కోసం ఎలాగూ కత్తిరించుకోవాలి, ముందు కొలిస్తే తరవాత వదులవుతుంది.

తలకీ డొప్పకీ మధ్య చుట్టూ అంగుళం దాకా ఖాళీ ఉండాలి. నకళ్ళతో వచ్చే నురుగు మెత్త ఆ ఖాళీని నాలుగు గంటల్లో మింగేస్తుంది, హెల్మెట్ చెవుల మీదికి జారిపోతుంది. దాన్ని పీకేయండి. గట్టి ఫైబర్ అట్టను తల కొలతకి చుట్టుగా వంచి, నల్ల రెక్సిన్ తొడిగి కుట్టించండి. నడినెత్తిన శిలువ ఆకారంలో, కింద దళసరి ఫెల్ట్ ఉన్న మెత్త పెట్టండి. వదులుగా ఉంటే అట్టకీ డొప్పకీ మధ్య ఫెల్ట్ ముక్కలు దూర్చాలి. రెక్సిన్‌కీ నుదుటికీ మధ్య ఏదీ పెట్టొద్దు. సరిపోయిందో లేదో తెలియాలంటే గడ్డం పట్టీ పెట్టుకోకుండా తల వంచి చెప్పుల వంక చూడండి. హెల్మెట్ కదలకూడదు. తీసిన పావుగంటకి నుదుటి మీద గీత పోవాలి. పోకపోతే బిగువు ఎక్కువైనట్టు.

తోలు పట్టీ ఉండే మార్క్ వన్ చేసేవాళ్ళు పెరియమేట్ వెళ్ళండి. క్రోమ్ తోలు కాకుండా తంగేడు చెక్కతో పదును చేసిన తోలు అడగండి. మన దక్షిణాది తోలుకు ప్రపంచమంతా పేరు తెచ్చింది ఆ తంగేడు చెక్కే. కోసిన అంచు చూస్తే తేడా తెలిసిపోతుంది. క్రోమ్ తోలు లోపల నీలం బూడిద రంగులో ఉంటుంది. తంగేడు తోలు లోపలి దాకా లేత గోధుమ రంగే.

ఈ తోలుతో నేను ఒక తప్పు చేశాను. రెండేళ్ళ క్రితం ఒక పట్టీకి చేతికందిన ఇనుప రివెట్లు కొట్టి ఇచ్చేశాను. మే నెల, పొద్దున పూట కార్యక్రమం. గంటకల్లా ఆ అబ్బాయి దవడ మీద, ఖాకీ కాలర్ మీద సిరా ఒలికినట్టు నల్లటి మరక. తుడిచినకొద్దీ పాకింది. అతనికి చర్మం ఏమైందోనని టెన్షన్, నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. మన పెద్దవాళ్ళు కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి సిరా కాచేవారు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిస్తే నలుపు. తంగేడు తోలులో ఉన్నదీ అలాంటి వగరే. రివెట్ ఇనుము, మధ్యలో చెమట. నేను ఆ కుర్రాడి దవడ మీద సిరా కాచానన్నమాట. అతనికి క్షమాపణ చెప్పి పట్టీ మళ్ళీ చేసి ఇచ్చాను. అప్పటినుంచి తోలుకు ఇత్తడి రివెట్లే కొడుతున్నాను. డొప్ప ఉక్కు తోలుకు ఆనే చోట మైనం పట్టించిన గుడ్డ వాషర్ వేస్తాను. బయటికి కనిపించే ఇత్తడికి రంగు వేస్తే సరి.

రంగు విషయానికొస్తే, కంపెనీ మెరుపు రంగు మొత్తం గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వండి. అసలు హెల్మెట్లు మొదట నున్నగా ఉండి ఎండకి మెరిసేవి. ఆ మెరుపు శత్రువుకి కనిపిస్తోందని రంగులో ఇసుకో రంపపు పొట్టో కలిపి గరుకు చేశారు. నేను వడ్రంగి దగ్గర సన్నటి పొట్టు తెచ్చి, టీ జల్లెడలో జల్లించి, తడి రంగు మీద చల్లి, ఆరాక పైన ఇంకో పలచటి పూత వేస్తాను. మెరుపులేని రంగే వాడాలి. పుదుపేటలో కారు పెయింటింగ్ చేసేవాళ్ళకి చెబితే కావలసిన ఖాకీ కలిపిస్తారు, కానీ "మ్యాట్" అని రెండుసార్లు చెప్పండి. అలవాటుగా మెరిపించేస్తారు.

ఇటలీలో పోరాడిన సిపాయికి హెల్మెట్ మీద వల వేస్తే బాగుంటుంది. కాసిమేడులో పాత నూలువల ముక్క అడగండి. నైలాన్ వల ఎండలో మిలమిలా మెరుస్తుంది. వల కళ్ళలో గోనె పీలికలు దూర్చాలి. బియ్యం గోనెను రెండు వేళ్ళ వెడల్పున చింపి, కొన్ని పీలికల్ని ఆకుపచ్చలో, కొన్నిటిని చిక్కటి టీ డికాషన్‌లో ముంచి నీడన ఆరబెట్టండి. పీలికలు వరసగా కుట్టినట్టు ఉండకూడదు. తల ఆకారం చెదిరి కనిపించడానికే అవి పెట్టేది.

పెట్టుకునేటప్పుడు వెనక్కి వాల్చకండి. సినిమాలో హీరో మొహం కనిపించాలని అలా వాలుస్తారు. సమతలంగా, అంచు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి. చెన్నై ఎండలో ఇరవై నిమిషాలకోసారి తీసి, తల తుడుచుకుని నీళ్ళు తాగండి. కళ్ళు తిరుగుతున్నాయని ఎవరైనా అంటే ప్రదర్శన ఆపేసి నీడకి తీసుకెళ్ళండి. ఇప్పటి మన సైన్యం వాడే చిహ్నాలు, హోదా గుర్తులు హెల్మెట్ మీదా దుస్తుల మీదా పెట్టొద్దు. సైనికుడినని నమ్మించేలా తిరగడం నేరం, అది వాళ్ళకి అగౌరవం కూడా.

ప్రతి నకలు లోపల, మెత్త కింద, నేను తెలుగులో "నకలు" అని, చేసిన సంవత్సరం సుత్తి దెబ్బతో అచ్చు కొడతాను. పాత తయారీ గుర్తులు, పాత తేదీలు కొట్టమని కొందరు అడుగుతారు. నేను కొట్టను. నేను పోయాక దాన్ని ఎవరో అసలుదని అమ్ముతారు, ఇంకెవరో తమ ముత్తాత జ్ఞాపకమనుకుని దాచుకుంటారు.

మన సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది. ఇంటికి రాగానే ఆ ఒక్క స్క్రూ విప్పి మెత్త బయటికి తీయండి. లోపల పొడిగుడ్డతో తుడిచి, కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డకి పట్టించి డొప్పంతా రాయండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కట్టి దుమ్ము పట్టేస్తుంది. పాలిథిన్ సంచిలో పెట్టకండి, పాత నూలు దిండుగలీబు చాలు. మెత్తను ఫ్యాన్ కింద ఆరబెట్టి, మర్నాడు పొద్దున ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. చెమట వాసన ఇంకా తడిగా తగిలితే ఇంకో పూట ఆగి బిగించండి.