పిమ్1 జీన్ తీసేసిన ఈస్ట్ గ్లిసరాల్ మీద పెరగట్లేదా? ముందు ఇది చూడండి

సమస్య: గ్లూకోజ్ ప్లేట్ మీద కాలనీలు బానే వస్తాయి, గ్లిసరాల్ ప్లేట్ మీదకి మారిస్తే మూడు రోజులైనా ఏమీ ఉండదు. డబ్ల్యూ303 అనే ల్యాబ్ ఈస్ట్ స్ట్రెయిన్ వాడేవాళ్లకి ఇంకో గుర్తు కూడా ఉంది, అందులో ఏడీఈ2 జీన్ పాడై ఉంటుంది కాబట్టి మామూలు కాలనీలు గులాబీ రంగు తిరుగుతాయి, మీవి మాత్రం చిన్నగా తెల్లగానే ఉండిపోతాయి.

కారణం: పిమ్1 మైటోకాండ్రియా లోపలి ప్రోటియేజ్ (ప్రోటీన్లని కోసే ఎంజైమ్), మనుషుల్లో ఉండే ఎల్ఓఎన్‌పీ1కి దగ్గర చుట్టం. మడత చెడిపోయిన ప్రోటీన్‌ని ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి విప్పదీసి, తన లోపలి గదిలోకి లాక్కుని ముక్కలు చేస్తుంది. అది లేకపోతే ప్రోటీన్లు ముద్దకట్టేస్తాయి, సరే, అసలు దెబ్బ అది కాదు, మైటోకాండ్రియా డీఎన్‌ఏలో పెద్ద పెద్ద ముక్కలే ఎగిరిపోతాయి. శ్వాసకి కావాల్సిన కాక్స్1, సైటోక్రోమ్ బి లాంటి జీన్లు అక్కడే ఉంటాయి కదా, ఇక శ్వాస ఎక్కడిది? గ్లూకోజ్ ఉన్నంతసేపూ ఫెర్మెంటేషన్‌తో నెట్టుకొస్తుంది అంతే, గ్లిసరాల్ మీద పెరగాలంటే శ్వాస ఉండాల్సిందే.

ఇక్కడే అందరం బోల్తా పడతాం. నేనూ పిమ్1 జీన్‌ని ప్లాస్మిడ్‌లో (చిన్న గుండ్రటి డీఎన్‌ఏ) పెట్టి మళ్లీ ఎక్కించా, వెస్టర్న్‌లో (ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) బ్యాండ్ చక్కగా వచ్చింది, గ్లిసరాల్ మీద మాత్రం సున్నా. మైటోకాండ్రియా డీఎన్‌ఏ పోయాక జీన్ ఇస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పరిష్కారం: డాపీ స్టెయిన్ (డీఎన్‌ఏని మెరిపించే రంగు) చూసి చుక్కలున్నాయి కదా అని మురిసిపోకండి, సగం పోయిన డీఎన్‌ఏ కూడా అలాగే మెరుస్తుంది. పిమ్1 బాగుండి మైటోకాండ్రియా డీఎన్‌ఏ అసలు లేని టెస్టర్ స్ట్రెయిన్‌తో క్రాస్ చేయండి, వచ్చిన డిప్లాయిడ్ (రెండు సెట్ల జీన్లున్న కణం) గ్లిసరాల్ మీద పెరగకపోతే మీ దాంట్లో డీఎన్‌ఏ పోయినట్టే. అప్పుడు మొదట్నించీ రావాలి: ఒక కాపీ మాత్రమే తీసేసిన డిప్లాయిడ్‌లో ముందు యూఆర్‌ఏ3 మార్కర్ ఉన్న ప్లాస్మిడ్ మీద పిమ్1 ఎక్కించి, ఆ తర్వాతే స్పోరులేషన్ చేసి (ఒకే సెట్ జీన్లున్న స్పోర్లుగా విడగొట్టి), డిలీషన్, ప్లాస్మిడ్ రెండూ ఉన్న స్పోర్‌ని ఏరుకోండి. ప్రయోగానికి ముందు 5-ఎఫ్ఓఏ ప్లేట్ మీద (యూఆర్‌ఏ3 ఉన్న కణాల్ని ఇది చంపేస్తుంది) ప్లాస్మిడ్‌ని వదిలించుకోవచ్చు.

ఇంకో కేసు: విడదీసిన మైటోకాండ్రియాలో పిమ్1 ఉన్నా ప్రోటీన్ ముక్కలవట్లేదు. చాలాసార్లు ఏటీపీ అయిపోయి ఉంటుంది, మెగ్నీషియంతో పాటు ఏటీపీ రీజనరేటింగ్ మిక్స్ (ఏటీపీని మళ్లీ మళ్లీ తయారుచేసేది) కూడా వేయండి. అపైరేజ్ వేసి ఏటీపీ తీసేసినా ఇంకా ముక్కలవుతోందంటే మాత్రం ఆ పని పిమ్1ది కాదు, వాక్యుయోల్ (కణంలో ప్రోటీన్లని అరిగించే సంచి) ప్రోటియేజ్‌లు కలిశాయేమో చూసి ప్రెప్ మళ్లీ చేసుకోండి.