పచ్చళ్ల వ్యాపారం కోసం ఉద్యోగం మానేస్తున్నారా? రాజీనామాకు ముందు చూసుకోవాల్సినవి

• ఐదేళ్ల సర్వీసుకు కొద్ది నెలలే తక్కువైతే ఆగండి, లేదంటే గ్రాట్యుటీ (సర్వీసుకు గాను కంపెనీ చివర్లో ఇచ్చే మొత్తం) పోవచ్చు. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను కూడా పడుతుంది.

• ఆఫీసు ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది. అమ్మానాన్నలకు బీపీ, షుగర్ ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ జబ్బుల ఖర్చు బీమా ఇవ్వని కాలం) ఉండొచ్చు. అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. ఆ దరఖాస్తు ఉద్యోగంలో ఉండగానే పెట్టండి.

• అసలు ఇబ్బంది డబ్బు తిరిగే తీరులో ఉంది. ఆవకాయకు కాయలు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే కొనాలి. అమ్మకాలు మాత్రం ఏడాది పొడవునా సాగుతాయి. చేతిలో ఉన్నదంతా జాడీల్లో పెట్టేస్తే ఆగస్టులో పిల్లల ఫీజుకు అప్పు చేయాల్సొస్తుంది. ఆరు నెలల ఇంటిఖర్చు వేరే ఖాతాలో ఉంచండి. తొమ్మిదైతే ఇంకా నయం.

• ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకండి. లేబుల్ మీద ఆ రిజిస్ట్రేషన్ 14 అంకెల నంబరు, తయారీ తేదీ, నికర బరువు ఉండాలి.

• కాయ కడిగాక తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. తేమ మిగిలితే పచ్చడి పులిసి, గ్యాసు పట్టి, కొరియర్‌లో మూత దగ్గర నూనె కారుతుంది. పైన వేలెడు ఖాళీ వదిలి, మూత కింద ఇండక్షన్ సీల్ (వేడితో సీసా మూతికి అతికే రేకు) వేయించండి. ముందు దూరపు బంధువులకు నాలుగైదు సీసాలు పంపి చూడండి.

• నోటీసు కాలంలో అమ్మకాలు మొదలుపెట్టే ముందు, సొంత వ్యాపారం గురించి నియామక ఒప్పందంలో ఏముందో చదవండి.