నువ్వుల నూనె: వంటకూ ఒంటికీ ఎలా వాడాలి?

మంచి నువ్వుల నూనె ఒక్కటి ఇంట్లో ఉంటే ఆవకాయ నుంచి తలంటు దాకా పని జరుగుతుంది. కాకపోతే తక్కువ కొనాలి, ఎక్కువ కాచకూడదు. ఆ కమ్మటి వాసనను పొగబెట్టి పోగొట్టుకుంటే అంత డబ్బు పెట్టి కొని లాభం లేదు.

కొనేటప్పుడు

నువ్వుల్లో దాదాపు సగం నూనే. గానుగలో అంతా దిగదు కాబట్టి లీటరుకు సుమారు రెండున్నర కిలోల నువ్వులు పడతాయి. ఒంగోలులోనో కావలిలోనో ఆ రోజు నువ్వుల ధర కనుక్కొని లెక్క వేసుకోండి. అంతకంటే మరీ చవగ్గా ఇస్తుంటే అనుమానించాల్సిందే. ఆడేటప్పుడు కాస్త బెల్లం వేస్తారు, అది నూనె బాగా దిగడానికే, కల్తీ కాదు. తాజా నూనె మబ్బుగా ఉంటే రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి దిగాక పైతేట వంచుకోండి. గానుగ దగ్గరే తెలగపిండి (నూనె తీశాక మిగిలే నువ్వుల పిండి) కూడా అడిగి తెచ్చుకోండి. మునగాకు వేసి కూర వండితే దానికి సాటి లేదు.

నెలకు సరిపడా తెచ్చుకుంటే చాలు. ఎండ తగలని చోట స్టీలు డబ్బాలో పెట్టండి. స్నానానికి వేరే చిన్న సీసాలో పోసుకుంటే తడి చేతులు వంట నూనెలో పడవు.

ఆవకాయకు

1. నాలుగు గిన్నెల మామిడి ముక్కలను తడి లేకుండా తుడవండి.
2. ఒక్కో గిన్నె ఆవపిండి, కారం, ముప్పావు గిన్నె ఉప్పు, చిటికెడు మెంతులు కలపండి.
3. రెండు గిన్నెల నూనె పచ్చిదే పోయండి, కాచనక్కర్లేదు.
4. మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూడండి. నూనె ముక్కల మీద తేలకపోతే ఇంకాస్త పోయాలి.

నెల్లూరు చేపల పులుసుకు

నా దృష్టిలో ఈ నూనె గొప్పతనం తెలిసేది ఇక్కడే. మట్టి చట్టిలో కిలో చేపకు ఐదారు చెంచాల నూనె వేడి చేయండి. పొగ రాకముందే ఆవాలు, మెంతులు, కరివేపాకు వేయాలి. ఉల్లిపాయ, టమాటా మగ్గాక కారం, పసుపు, ధనియాల పొడి, తర్వాత చింతపండు పులుసు. తెర్లాక చేప ముక్కలు, అవి సగం ఉడికాక పచ్చి మామిడి ముక్కలు. ఇక గరిటె పెట్టొద్దు, చట్టిని పట్టుకొని తిప్పండి. సన్న సెగ మీద నూనె తేలేదాకా ఉంచి దించండి. రాత్రి వండి పొద్దున తింటేనే దాని రుచి. బజ్జీలు, పూరీలకు మాత్రం వేరుశనగ నూనె వాడండి. గానుగ నువ్వుల నూనె అంత వేడికి పొగలు కక్కుతుంది.

ఇడ్లీకి కారప్పొడిలో చెంచాడు పచ్చి నూనె చాలు.

తలకు, ఒంటికి

ముందు మోచేతి మడతలో రెండు చుక్కలు రాసి ఒక రోజు చూడండి. నువ్వులు పడనివాళ్లు ఉంటారు. వాళ్లు దీని జోలికే పోకూడదు.

తలకైతే రెండు చెంచాల నూనె గిన్నెను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చన చేసి, కుదుళ్లకు వేళ్లతో పట్టించండి. అరగంట ఆగి కుంకుడు రసంతో రుద్దుకోవాలి. చుండ్రు ఎక్కువగా ఉంటే నూనె రాయకండి, ఇంకా పెరగొచ్చు. మొటిమల ముఖానికీ వద్దు.

ఒంటికి రాసి పావుగంట ఆగాక శనగపిండి, పెసరపిండి, కొంచెం పసుపు కలిపి నలుగు పెట్టుకోండి. పగిలిన మడమలకు రాత్రి కాళ్లు కడిగి తుడుచుకొని, నూనె రాసి సాక్సులు తొడుక్కుంటే మెత్తబడతాయి.

పసిపిల్లలకు ఒళ్లు మర్దనా చేయొచ్చు గానీ ముక్కులో, చెవిలో చుక్కలు వేయకండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. స్నానం అయ్యాక బాత్రూమ్ గచ్చును సబ్బునీళ్లతో కడిగేయండి, పెద్దవాళ్లు జారిపడతారు.