సోడియం కరెంట్ కర్వ్ ఎడమకు జరిగిందా? ముందు సిరీస్ రెసిస్టెన్స్ చూడండి

హెచ్‌ఈకే 293 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ కణాలు) సోడియం చానెల్ (సోడియంని పొర దాటించే ప్రొటీన్) పెట్టి, హోల్-సెల్ ప్యాచ్ క్లాంప్‌తో (గాజు పిపెట్ ద్వారా పొర వోల్టేజ్‌ని పట్టి ఉంచి కరెంట్ కొలిచే పద్ధతి) రికార్డ్ చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. గిగాసీల్ వేయడం (పిపెట్ మొనని పొరకి గట్టిగా అతికించడం), పొర చీల్చి కణం లోపలికి వెళ్లడం మీకు చేతనైన పనులే అనుకుంటున్నాను. డేటా చూపించి "సర్, ఇది ఎందుకిలా ఉంది" అని అడిగే ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఒకటే: ఆ కణంలో సిరీస్ రెసిస్టెన్స్ (యాంప్లిఫయర్‌కీ పొరకీ మధ్య ఉండే అడ్డంకి) ఎంత? పదిమందిలో ఎనిమిది మంది నోట్‌బుక్‌లో ఆ అంకె ఉండదు.

సమస్య: కరెంట్ రావడం లేదు, వచ్చినా బాగా చిన్నది

ట్రాన్స్‌ఫెక్షన్‌ని (కణంలోకి చానెల్ డీఎన్‌ఏ పంపడాన్ని) తిట్టుకునే ముందు హోల్డింగ్ పొటెన్షియల్ (పల్స్‌ల మధ్య పొరని ఉంచే వోల్టేజ్) చూడండి. మైనస్ 60 మిల్లీవోల్ట్‌ల దగ్గర పెట్టి ఉంటే చాలా రకాల సోడియం చానెళ్లలో ఎక్కువ భాగం ముందే ఇనాక్టివేట్ అయిపోయి (పల్స్ ఇచ్చినా తెరుచుకోలేని స్థితిలో) ఉంటాయి. చానెల్ ప్రొటీన్‌లో మూడో డొమైన్‌నీ (భాగాన్నీ) నాలుగో డొమైన్‌నీ కలిపే లింకర్‌లో ఐసోల్యూసిన్, ఫినైల్అలనిన్, మెథియోనిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు ఉంటాయి. అవి పోర్ అడుగు భాగం పక్కనున్న గుంటలోకి దూరి దారి మూసేస్తాయి. మైనస్ 120కి దించి, ప్రతి పల్స్‌కీ ముందు కనీసం 100 మిల్లీసెకన్లు అక్కడే ఉంచండి. కరెంట్ తిరిగొస్తుంది.

సమస్య: కర్వ్ నిటారుగా ఉంది, ఎడమకు జరిగింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మైనస్ 50 దగ్గర దాదాపు ఏమీ ఉండదు. ఇంకో 5 మిల్లీవోల్ట్‌లు పెంచగానే కరెంట్ ఒక్కసారిగా పూర్తి ఎత్తుకు దూకుతుంది, మధ్యలో మెట్లు ఉండవు. యాక్టివేషన్ కర్వ్ (ఏ వోల్టేజ్‌కి ఎంత భాగం చానెళ్లు తెరుచుకుంటాయో చూపేది) గోడలా లేస్తుంది. రివర్సల్ పొటెన్షియల్ (కరెంట్ సున్నా అయి దిశ మారే వోల్టేజ్) మాత్రం లెక్క ప్రకారం ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే ఉంటుంది. దాన్ని చూసి క్లాంప్ బాగానే ఉందనుకుంటారు. అందరూ మోసపోయేది అక్కడే.

యాంప్లిఫయర్‌కి మనం ఇచ్చే వోల్టేజ్ నేరుగా పొర మీదికి చేరదు. మధ్యలో సన్నని పిపెట్ మొన ఉంటుంది, అందులో చిరిగిన పొర తునకలు ఇరుక్కుని ఉంటాయి. ఆ అడ్డంకే సిరీస్ రెసిస్టెన్స్. 10 మెగాఓమ్‌ల గుండా 5 నానోఆంపియర్లు పారితే 50 మిల్లీవోల్ట్‌లు ఆ మొన దగ్గరే పోతాయి. సోడియం లోపలికి వచ్చే కరెంట్ కాబట్టి పొర మనం అడిగినదానికంటే ఎక్కువ డీపోలరైజ్ అవుతుంది, అంటే సున్నా వైపు జరుగుతుంది. మీరు మైనస్ 40 అడిగారనుకోండి. కొన్ని చానెళ్లు తెరుచుకుంటాయి, ఆ కరెంట్‌తో పొర మైనస్ 30కి జారుతుంది. అక్కడ మరిన్ని చానెళ్లలో ఎస్4 హెలిక్స్‌లు (వోల్టేజ్‌ని పసిగట్టే సెన్సర్లు) పైకి కదులుతాయి, మరింత సోడియం వస్తుంది, పొర ఇంకా జారుతుంది. కర్వ్‌లో కనిపించే ఆ దూకుడు ఈ పరుగుదే, చానెల్ గేటింగ్‌ది (తెరుచుకుని మూసుకునే తీరుది) కాదు. రివర్సల్ దగ్గర కరెంట్ సున్నా కాబట్టి తప్పు కూడా సున్నా. అందుకే అది ఏ అనుమానమూ రానివ్వదు.

కొత్తగా పుట్టిన సమస్యేమీ కాదిది. 1952లో స్క్విడ్ ఆక్సాన్ (నాడీ తంతువు) మీద పనిచేసినప్పుడే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ, కాట్జ్ దీన్ని కొలిచి, సరిచేసే ప్రయత్నం కూడా చేశారు.

నా విషయానికి వస్తే, ఎస్4లో ఒక ఆర్జినిన్‌ని గ్లుటమిన్‌గా మార్చిన మ్యూటెంట్ మీద నాలుగు నెలలు పనిచేశాను. కర్వ్ 9 మిల్లీవోల్ట్‌లు కుడికి జరిగింది. సెన్సర్‌లో ఒక ధనావేశం పోయింది కాబట్టి వోల్టేజ్‌కి తక్కువ స్పందిస్తోందని కథ చక్కగా కుదిరింది. ఒకరోజు సాయంత్రం, వైల్డ్ టైప్ (మార్పు చేయని చానెల్ ఉన్న) కణాల డేటా మాత్రమే తీసుకుని, ఒక్కో కణం సగం-యాక్టివేషన్ వోల్టేజ్‌ని (సగం చానెళ్లు తెరుచుకునే వోల్టేజ్‌ని) దాని పీక్ కరెంట్‌తో కలిపి గీశాను. చుక్కలన్నీ వాలుగీత మీద వరుసగా కూర్చున్నాయి. 8 నానోఆంపియర్లు ఇచ్చిన కణాలన్నీ ఎడమకు జరిగాయి. 1.5 నానోఆంపియర్ ఇచ్చిన వైల్డ్ టైప్ కణాలు మాత్రం మ్యూటెంట్ దగ్గరే ఉన్నాయి. మ్యూటెంట్ కుడికి జరగలేదు, దాని కరెంట్ చిన్నది, అంతే. నేను కొలిచింది ఎక్స్‌ప్రెషన్‌లో (కణం ఎన్ని చానెళ్లు తయారుచేస్తుందన్నదానిలో) తేడాని.

కాబట్టి ఆ గ్రాఫ్ గీయడానికి పట్టే పది నిమిషాలు ముందే పెట్టండి. వాలు కనిపించిందంటే ఆ డేటాని నమ్మొద్దు. ఇంకా తేల్చుకోవాలంటే, ఎన్‌ఏవీ 1.7 (సోడియం చానెళ్లలో ఒక రకం) లాంటి చానెల్ అయితే, అదే కణం మీద కొన్ని పదుల నానోమోలార్ టెట్రోడోటాక్సిన్ వేయండి. అది పోర్ బయటి నోటిని మూస్తుంది, వోల్టేజ్ సెన్సర్ల జోలికి పోదు. కరెంట్ తగ్గగానే కర్వ్ కుడికి జరిగి మెట్లు కనిపిస్తే దోషి ఎవరో తెలిసిపోయినట్టే. గుండె చానెల్ ఎన్‌ఏవీ 1.5కి ఈ మోతాదు చాలదు, దానికి బయటి ద్రావణంలో సోడియం తగ్గించండి.

ఇక పరిష్కారం. పిపెట్ 1.5 నుంచి 2 మెగాఓమ్‌లు ఉండాలి, ఎందుకంటే లోపలికి వెళ్లాక సిరీస్ రెసిస్టెన్స్ దానికి రెండు మూడు రెట్లు అవుతుంది. కాంపెన్సేషన్ (ఆ అడ్డంకికి యాంప్లిఫయర్ చేసే సవరణ) 80 శాతం దాకా పెంచండి, ట్రేస్ వణకడం మొదలైతే ఆపేయండి, లేదంటే సీల్ పోతుంది. 5 మెగాఓమ్‌లలో 80 శాతం పోతే మిగిలేది 1 మెగాఓమ్, అంటే 3 నానోఆంపియర్లకి తప్పు 3 మిల్లీవోల్ట్‌లు. 5 మిల్లీవోల్ట్‌లు దాటే కణాన్ని వదిలేయండి, కరెంట్ ఎంత అందంగా ఉన్నా సరే. పెద్ద కరెంట్ వచ్చే కణాన్ని వదలడం బాధే, నాకు తెలుసు. డీఎన్‌ఏ తగ్గించి ట్రాన్స్‌ఫెక్ట్ చేస్తే ఆ బాధ తప్పుతుంది. రికార్డింగ్ అయిపోయాక కంప్యూటర్‌లో వోల్టేజ్‌ని సరిచేసుకుందామంటే కుదరదు. పొర ఒక్కో క్షణం ఒక్కో వోల్టేజ్‌లో ఉంది, ఆ పరుగుని వెనక్కి తిప్పలేం.

మొదట్లో ఒకసారి చూసి ఊరుకోవద్దు. మొన దగ్గర పొర మళ్లీ మూసుకుంటూ ఉంటుంది, 5 మెగాఓమ్‌లు ఉన్నది పావుగంటలో 12 అవుతుంది. టెస్ట్ పల్స్ మొదట్లో వచ్చే ముల్లు లాంటి కెపాసిటివ్ కరెంట్ పొట్టిగా, లావుగా మారుతుంటే అదే గుర్తు. ప్రతి ప్రొటోకాల్‌కీ ముందూ తర్వాతా అంకె రాసుకోండి. కాస్త సక్షన్ ఇస్తే చాలాసార్లు దిగొస్తుంది.

సమస్య: కర్వ్ నెమ్మదిగా జరుగుతూనే ఉంది

లోపలి ద్రావణంలో ఫ్లోరైడ్ వాడుతుంటే మొదటి కొన్ని నిమిషాలు ఇది మామూలే. లోపలికి వెళ్లాక ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, అన్ని కణాలకీ ఒకే సమయం పాటించండి. అప్పటికీ ఆగకపోతే ఎలక్ట్రోడ్‌గా వాడే వెండి తీగ చూడండి. బూడిద రంగు పోయి మెరుస్తుంటే క్లోరైడ్ పూత పోయినట్టే. గీకి బ్లీచ్‌లో ఓ పావుగంట ఉంచండి. అన్ని కణాల్లోనూ ఒకే అంత, ఒకే వైపు తేడా ఉంటే అది లిక్విడ్ జంక్షన్ పొటెన్షియల్ (రెండు ద్రావణాలు కలిసే చోట పుట్టే వోల్టేజ్). లెక్కగట్టి తీసేయండి.

ఇవేవీ కాకపోతే గది ఉష్ణోగ్రత, లేదా కణాల్లో సొంతంగా ఉండే చిన్న కరెంట్లు. ట్రాన్స్‌ఫెక్ట్ చేయని కణం ఒకటి రికార్డ్ చేస్తే రెండోది తేలిపోతుంది. వీటి కోసం నేను రోజులు పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.