దక్షిణం గుమ్మం ఫ్లాట్ అమ్ముతుంటే

బెంగళూరు మారతహళ్లిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మకానికి పెట్టాక శని, ఆదివారాలన్నీ ఇల్లు చూపించడానికే సరిపోయేవి. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే "దక్షిణమా?" అని వెనక్కి తిరిగేవారు. ఇంకొందరు పక్కింట్లో ఎవరుంటారు, మాంసం వండుతారా అని ఆరా తీసేవారు.

ఇప్పుడు ప్రకటన మొదటి లైన్లోనే దక్షిణం గుమ్మం, మూడో అంతస్తు, ఒక కారు పార్కింగ్ అని రాసేశాను. ఫోన్ రాగానే గుమ్మం, కారిడార్ కనిపించేలా ఒక నిమిషం వీడియో వాట్సాప్‌లో పంపుతాను. అది చూశాక కూడా వస్తామన్నవాళ్లకే టైమ్ ఇస్తున్నాను: శనివారం సాయంత్రం 4 నుంచి 6 వరకు, అరగంటకొకరు. పక్కింటి అక్కకు ముందురోజే చెబితే చెప్పుల స్టాండ్ కాస్త జరుపుతుంది, పాపం. వాళ్ల కులం, తిండి గురించి ఎవరైనా అడిగితే "మంచివాళ్లండి, ఎనిమిదేళ్లలో ఒక్క గొడవ లేదు" అని అక్కడితో ఆపేస్తాను. అంత ఆరా తీసినవాళ్లు మళ్లీ ఫోన్ చేసింది లేదు.

పై ఇంటితో లీకేజీ గొడవో, పార్కింగ్ తగాదానో నిజంగా ఉంటే మాత్రం ఇది పనిచేయదు. మీరు దాచినా వాచ్‌మన్ చెప్పేస్తాడు. ముందు అది తేల్చుకుని, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లెటర్, ఈ-ఖాతా (ఫ్లాట్ మీ పేరున ఉన్నట్టు కార్పొరేషన్ ఇచ్చే ఆన్‌లైన్ రికార్డు), ఈసీ (ఫ్లాట్ మీద తాకట్టు లాంటివి ఉన్నాయో లేదో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) దగ్గర పెట్టుకోండి.